ఫ్లెక్సీలో నడిమి ఫొటో

తుల్సీరాం చొక్కా జేబులో పెన్ను ఉండదు, దువ్వెన ఉండదు, ఫోను కూడా సగం రోజులు ఇంట్లోనే మరిచిపోతాడు. టేపు మాత్రం ఉంటుంది. బటన్ నొక్కితే సర్రున లోపలికి పోయే ఇనుప టేపు. అలాగని ఆయన వడ్రంగి కాడు, మేస్త్రీ కాడు. రెండెకరాల పత్తి, ఎకరం మిరప పండించే రైతు. ఏడేళ్ళ కింద ఒకే ఒక్క పని కోసం ఆ టేపు కొన్నాడు. అన్న భీమ్లా తీజ్ పండక్కి వేయించిన ఫ్లెక్సీలో తన ముఖం ఎన్ని అంగుళాలు ఉందో కొలవడానికి.

కొలిచాడు. భీమ్లా ముఖం పద్నాలుగు అంగుళాలు, తుల్సీరాం ముఖం పన్నెండు.

ఆ రెండంగుళాల మీద అన్నదమ్ములిద్దరూ మాటలు మానేశారు. ముఖం పెద్దదైతే ఏమొస్తుంది, మనసు పెద్దదవ్వాలి అని తండాలో చాలామంది చెప్పారు. చెప్పినవాళ్ళ ఫొటోలు ఆ ఫ్లెక్సీలో లేవు కాబట్టి వాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు. గుట్టకింది తండా మొత్తానికి ఉన్నది ఒకటే వీధి. ఈ చివర తుల్సీరాం ఇల్లు, ఆ చివర భీమ్లా ఇల్లు. తప్పనిసరిగా ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో మేకను పెట్టుకునేవారు. "ఓ మేకా, మోటరు తిప్పినంక వాల్వు కట్టెయ్యాలని మీ యజమానికి చెప్పు" అనేవాడు తుల్సీరాం. "మాకు తెల్వదా అని చెప్పు మేకా" అనేవాడు భీమ్లా. ఏడేళ్ళలో ఆ మేకలకు వచ్చినంత లోకజ్ఞానం ఇంకే మేకలకూ వచ్చి ఉండదు.

ఈ ఇద్దరి మధ్య నలిగింది మాత్రం తుల్సీరాం భార్య చాంది. ఆమె కూతురు ప్రమీలకు ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. ఆ తండాలో యూనిఫాం వేసుకోబోయే మొదటి ఆడపిల్ల. ఆదివారం పొద్దున ట్రైనింగుకు బయల్దేరాలి, అందుకని శనివారం సాయంత్రం అయిదింటికి సన్మానం పెట్టుకున్నారు. సన్మానం అంటే ఫ్లెక్సీ ఉండాలి. పెళ్ళికూతురు లేకుండా పెళ్ళైనా అవుతుందేమో గాని, ఫ్లెక్సీ లేకుండా ఈ రోజుల్లో సన్మానం అవదు.

"పది అడుగులు, ఎనిమిది అడుగులు చేపియ్యి" అన్నాడు తుల్సీరాం. "పైన బిడ్డ. కింద నేను, నువ్వు. మా అన్న ఫొటో గిట్ల కనిపించిందనుకో, నేనే చింపి మంట పెడత."

అదే రోజు వీధి ఆ చివర నుంచి అత్త కేస్లి కబురు పంపింది. ఆమెకు ఎనభై దాటాయి, పెద్దకొడుకు భీమ్లా దగ్గర ఉంటుంది. "నా కొడుకులిద్దరి మొఖాలు ఒక్క ఫ్లెక్సీ మీద పక్కపక్కన ఉంటేనే వస్త. లేకుంటే మనవరాలిని మంచంల కూసోనే దీవిస్త."

ప్రమీల అంతకన్నా మొండిది. రేంజర్ అయ్యే లక్షణాలు అప్పుడే కనిపిస్తున్నాయి. "నానమ్మ రాకుంటే నేను ఆ కుర్చీల కూసోనమ్మా. శాలువా ఆ మేకకు కప్పుండ్రి" అంది.

అడకత్తెరలో పోకచెక్క అయింది చాంది బతుకు. బావ ఫొటో పెడితే మొగుడు చింపుతాడు. పెట్టకపోతే అత్త రాదు. అత్త రాకపోతే కూతురు కూర్చోదు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మూడు రోజులు కూడా నిలవలేదే అని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చే తీరిక లేక, శనివారం పొద్దున్నే ఆటో ఎక్కి సత్తుపల్లిలో జెస్సికా దుకాణానికి పోయింది.

జెస్సికా, ఆంథోని కూతురు. దుకాణం ఆంథోనిదే గాని ఆయన రంగుల డబ్బాల కోసం ఖమ్మం, విజయవాడ తిరుగుతుంటాడు, మిషన్లన్నీ ఈ పిల్ల చేతిలోనే ఉంటాయి. చర్చి కన్వెన్షన్ ఫ్లెక్సీలు, అమ్మవారి జాతర ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల ఫ్లెక్సీలు, అన్నీ ఆమె దగ్గరే. ఎవరి ముఖం ఎవరి పక్కన పడకూడదో ఆ ఊళ్ళో పోలీసులకంటే ఆమెకే బాగా తెలుసు. అందుకే చాంది కథంతా విని ఆమె ఆశ్చర్యపోలేదు.

"దీనికింత పరేషాన్ ఎందుకు పిన్నీ?" అంది. "కంప్యూటర్ లోపల ఏముందో ఎవరికీ కనబడదు. లోపలిది బయటికి చెప్పేదానికి దానికి రెండు నోళ్ళున్నయి. ఒకటి ఈ మానిటరు. ఇంకోటి ఆ ప్రింటరు. ఈ నోటితో ఒక మాట, ఆ నోటితో ఒక మాట చెప్పించొచ్చు."

"మా తండాల గట్లాంటి మనుషులే నలుగురున్నరు" అంది చాంది. ఆమెకు వెంటనే అర్థమైపోయింది.

జెస్సికా ఫ్లెక్సీ తయారుచేసింది. పైన టోపీ పెట్టుకున్న ప్రమీల పెద్దగా. కింద వరసలో ఎడమ పక్క తుల్సీరాం, కుడి పక్క చాంది, ఇద్దరి మధ్యలో భీమ్లా. తర్వాత భీమ్లా మీద ఒక గులాబీల గుత్తిని తెచ్చి పెట్టింది. భీమ్లా మాయమయ్యాక గాని చాంది తెర వైపు తిరగలేదు. "ఇవి పొరలు పిన్నీ. అద్దం కాయితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. బాబాయ్ చూసేటప్పుడు పూలు పైన ఉంటయి. ఆయన పోంగనే పూలు తీసేసి ప్రింటు కొడత. తర్వాత అడిగితే మిషను తప్పు అంటం. మిషను ఎదురు మాట్లాడదు గదా."

"సాయంత్రం చింపుతడేమో?"

"మీ అత్త ముందల చింపుతడా?"

చాంది ఆలోచించింది. తుల్సీరాం ఎంత కోపిష్టి అయినా తల్లి ముందు గొంతు పెంచి ఎరుగడు. కొంచెం ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక ప్రశ్నలు కూడా వచ్చాయి. ఆమె తెర దగ్గరికి వంగి కూతురి ముఖం తాకబోయింది. "మా బిడ్డ ఇందులకు ఎట్లొచ్చింది?"

జెస్సికా వేలు నీళ్ళలో ముంచి, తెర మీద తెల్లగా ఉన్న చోట ఒక చుక్క పెట్టింది. ఆ చుక్కలోంచి చూస్తే తెలుపు లేనే లేదు. సన్నసన్నగా ఎర్రటి, పచ్చటి, నీలం గీతలు. "గీ మూడు రంగుల దీపాలే పిన్నీ, లక్షల్లో ఉంటయి. ఏది ఎంత వెలిగితే ఆ రంగు కనబడతది. మూడూ మొత్తం వెలిగితే తెలుపు. అన్నీ ఆరిపోతే నలుపు. ప్రింటరుకు దీపాలుండవు, సిరా ఉంటది. నీలం, గులాబీ, పసుపు, నలుపు. నాలుగు డబ్బాలు."

"తెలుపు డబ్బా ఏది?"

"తెలుపు ఫ్లెక్సీదే. ఏమీ పొయ్యకుంటే అదే తెలుపు."

ఏమీ చేయకుండానే పని అయ్యే రంగు ఒకటి ఉందన్నమాట, మా బలరాం లాగా అనుకుంది చాంది. బలరాం ఆమె కొడుకు.

సరిగ్గా పన్నెండింటికి తుల్సీరాం దిగాడు, టేపుతో సహా. వస్తూనే కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. పూలగుత్తిని అనుమానంగా చూశాడు. "నడిమిట్ల ఈ పూలెందుకు?"

"అందానికి బాబాయ్."

"మంచిగనే ఉన్నయి" అని టేపు తీసి, తెర మీద తన ముఖానికి ఆనించాడు. నాలుగంగుళాలు వచ్చింది. ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఏందమ్మా ఇది? మా అన్న నయం గదా, పన్నెండన్న ఇచ్చిండు!"

ఇది తెర, బయట వచ్చేది వేరు, అక్కడ నీ ముఖం జానెడు పైనే ఉంటుంది అని జెస్సికా మూడు రకాలుగా చెప్పి చూసింది. ఆయన వినలేదు. టేపు అబద్ధం చెప్పదు, ఆడపిల్ల చెప్పొచ్చు. చివరికి ఆమె విసిగి, మౌసు మీద చక్రం తిప్పింది. తెర మీద తుల్సీరాం పెరిగాడు. ఆరు. ఎనిమిది. పది.

"ఇంకొంచెం."

పన్నెండు. పద్నాలుగు. ఫ్లెక్సీలో మిగతాదంతా, కన్నకూతురితో సహా, తెర బయటికి వెళ్ళిపోయింది. ఆయన మీసం ఒక్కటే మిగిలి, తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నల్లగా పరుచుకుంది. తుల్సీరాం టేపు పెట్టి చూసి, తల వెనక్కి వాల్చి, "అవ్, గిట్ల ఉండాలె" అన్నాడు. ఏడేళ్ళ ఆకలి తీరినవాడి ముఖం అది. జూమ్ చేస్తే తెర మీద పెరుగుతుంది గాని ఫ్లెక్సీలో వెంట్రుకవాసి కూడా పెరగదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేంత పిచ్చివాళ్ళు అక్కడ లేరు.

అక్షరాల రంగు అది కాదు ఇది, ఇది కాదు మొదటిదే అని ఇంకో గంట కూర్చుని, ఎదురుగా ఉన్న హోటల్‌కు అన్నానికి పోయాడు. పోతూ, "తయారైనంక నేనే భుజాన వేసుకపోత" అన్నాడు.

అప్పుడు ఒకటీ పది. జెస్సికా గడియారం చూసి పెదవి కొరుక్కుంది. సత్తుపల్లిలో గని వైపు ఉన్న ఫ్లెక్సీ దుకాణాలవాళ్ళెవరూ రెండింటికి మిషను మీద ప్రింటు నడవనియ్యరు. రెండింటికి బొగ్గు గనిలో సైరన్ కూస్తుంది, కాసేపటికి బ్లాస్టింగ్ అవుతుంది, కాళ్ళ కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. అలవాటైనవాళ్ళు చేతిలో టీ గ్లాసు కాస్త ఎత్తి పట్టుకుంటారు, అంతే. ప్రింటరుకు మాత్రం ఆ అలవాటు లేదు. సైరన్ వినగానే బటన్ నొక్కి దాన్ని ఆపాలి, దుమ్ము సర్దుకున్నాక పైన తుడిచి మళ్ళీ నడపాలి. అక్కడి ఫ్లెక్సీ పనివాళ్ళకు ఇది అన్నానికి ముందు చేయి కడుక్కోవడం లాంటిది.

"అయిదింటికి ఫంక్షన్ అంటిరి. ఇప్పుడు మొదలుపెట్టకుంటే కాదు" అని ఆమె పూలగుత్తి పొర తీసేసి, ప్రింటు కొట్టింది.

మిషను రెండు మంచాలంత పొడవు ఉంది. దాని అడ్డకమ్మీ మీద ఒక పెట్టె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగులు తీస్తోంది. పోయిన ప్రతిసారీ ఒక సన్నటి పట్టీ రంగు పడుతోంది, ఫ్లెక్సీ కొంచెం ముందుకు జరుగుతోంది. చాంది చేలో గొర్రు తోలడం గుర్తుచేసుకుంది. చాలు తర్వాత చాలు. కాకపోతే ఇక్కడ మొలకెత్తుతున్నది ఆమె కూతురి టోపీ. టోపీ వచ్చింది, నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి. చాంది ఇంకొంచెం దగ్గరికి వంగింది. పురిట్లో కూడా ఈ పిల్ల ఇలాగే ముందు తల, తర్వాత ముఖం వచ్చింది, కాకపోతే అప్పుడు ఇంత మంచి వాసన లేదు.

"ఎక్కడ ఏ రంగు పొయ్యాల్నో ఈ డబ్బాకు ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

కమ్మీ వెంట సాగదీసి కట్టిన ఒక సన్నటి పారదర్శకమైన పట్టీని చూపించింది జెస్సికా. "దీని మీద కంటికి కనబడనంత సన్నగా గీతలుంటయి. డబ్బా ఉరుకుతా ఉరుకుతా ఆ గీతలు లెక్కబెట్టుకుంటది. ఎన్నో గీత కాడ ఉన్నదో చూసుకుని రంగు పోస్తది. బాబాయ్ జేబుల టేపు లాంటిదే. దీని మీద దుమ్ము పడితే మాత్రం లెక్క తప్పుతది, బొమ్మ పక్కకు జరుగుతది."

రెండింటికి అయిదు నిమిషాలు ఉందనగా హోటల్ నుంచి తుల్సీరాం రోడ్డు దాటుతూ కనిపించాడు. లోపలికి వస్తే కొంప మునుగుతుంది. కింద వరస నుదుళ్ళు అప్పుడే మొదలవుతున్నాయి. జెస్సికా గుమ్మం వైపు పరుగెత్తుతూ, "పిన్నీ, ఆయన్ని నేను బయట ఆపుత. సైరన్ కూయంగనే ఈ పచ్చ బటన్ ఒత్తు. నేల కదిలిపోయినంక ఆ పట్టీ తుడిచి మళ్ళ ఒత్తు. గంతే" అని చెప్పి వెళ్ళింది.

గంతే. చాందికి అది కష్టమైన పని కాదు. పంపుసెట్టు స్టార్టరు రోజూ నొక్కేదే. వేలు బటన్ మీద పెట్టుకుని నిలబడింది. ఎడమ పక్క మొగుడి నుదురు వచ్చింది, కుడి పక్క తన కొప్పు వచ్చింది, మధ్యలో ఒక బట్టతల వచ్చింది. డబ్బా ఇంకో నాలుగుసార్లు అటూ ఇటూ పోయింది. బట్టతల కింద రెండు పెద్ద కళ్ళు తెరుచుకుని, సూటిగా చాందినే చూశాయి.

బావ!

ఇరవై అయిదేళ్ళ అలవాటు మనిషిని అడిగి కదలదు. పెళ్ళైన నాటి నుంచి చాంది మొగుడి అన్న ఎదుట ముఖం చూపించలేదు. ఆయన వస్తుంటే కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక్కి తిరగడం ఆ ఇంటి కోడళ్ళ మర్యాద. ఆమె చెయ్యి బటన్ వదిలేసి కొంగు పట్టుకుంది. ముసుగు దించి, గిరుక్కున తిరిగి, గోడకు ముఖం పెట్టి నిలబడింది. ఇది ఫొటోనే గదా అని ఒక పక్క బుద్ధి చెబుతూనే ఉంది. ఫొటో అయితే మాత్రం, కళ్ళు కళ్ళే గదా అని ఇంకో పక్క సిగ్గు చెప్పింది.

అప్పుడు సైరన్ కూసింది.

చాంది వీపు వెనక చెయ్యి పెట్టి బటన్ కోసం తడిమింది. మూత తగిలింది, వైరు తగిలింది, ఏదో తడిగా తగిలింది, వేలు గులాబీ రంగు అయింది. బటన్ ఆ బావ కళ్ళ కిందనే ఎక్కడో ఉంది. ఒక్కసారి తిరిగి చూస్తే దొరికేది. తిరగలేదు. ధన్‌మని నేల అదిరింది. రేకుల మీద పేరుకున్న బొగ్గు దుమ్ము జలజలా రాలి మిషను మీద పడింది. సరిగ్గా అప్పుడే ఆమె వేలికి బటన్ దొరికింది. ఒత్తింది. మిషను ఆగింది. హమ్మయ్య అనుకుని, దేవుణ్ణి తలుచుకుని, మళ్ళీ ఒత్తింది. మిషను ఒక ఎక్కిలి లాంటి చప్పుడు చేసి మళ్ళీ నడిచింది.

చెప్పినట్టే చేశాను, కాకపోతే కొంచెం ముందూ వెనకా అయింది, తుడవడం ఒకటి తప్పింది అనుకుంది చాంది గోడతో.

జెస్సికా తిరిగి వచ్చేసరికి ప్రింటు అయిపోయింది. ఫ్లెక్సీ దానంతటదే కింది గొట్టానికి చుట్టుకుపోయింది. "మంచిగ వచ్చిందా పిన్నీ?" అని గుసగుసగా అడిగింది.

"నేను చూడలే బిడ్డా. బావ ఉన్నడు గదా."

జెస్సికా కమ్మీ మీది పట్టీని చూసింది. నల్లగా ఉంది. విప్పి చూద్దామంటే తుల్సీరాం అప్పటికే గుమ్మంలో నిలబడి భుజం చాపాడు. విప్పితే నడిమి ఫొటో చూస్తాడు. విప్పకుండా పంపితే ఏమవుతుందో దేవుడికి తెలుసు. "ప్రభువా, నీదే భారం" అని ఆమె కట్ చేసి, తాడు కట్టి ఇచ్చేసింది.

అయిదింటికి తండా అంతా షామియానా కింద చేరింది. టెంట్ హౌస్ జగదీష్ రెండు వెదురు బొంగుల మధ్య ఫ్లెక్సీ పై అంచు కట్టాడు. వీధి చివర ఒక ఆటో ఆగి ఉంది. అందులో కేస్లి, పక్కన భీమ్లా. ఫ్లెక్సీ విప్పి, తన కళ్ళతో చూస్తే గాని దిగనని ముసలమ్మ కూర్చుంది. ప్రమీల కుర్చీ పక్కన నిలబడి ఆటో వైపే చూస్తోంది. చాంది ఏ దేవుణ్ణీ వదలకుండా అందరికీ మొక్కింది.

జగదీష్ తాడు లాగాడు. ఫ్లెక్సీ పైనుంచి కిందికి జారింది. ప్రమీల టోపీ, ప్రమీల ముఖం, చప్పట్లు, ఈలలు. ఇంకొంచెం జారింది. కింద వరస వచ్చింది. చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

సగం ముఖాల దాకా అందరూ తమ తమ చోట్లలోనే ఉన్నారు. ముక్కుల కాడ ఏదో అయింది. అక్కడి నుంచి కిందదంతా ఒక్కో ముఖం చొప్పున కుడి పక్కకు జరిగిపోయింది. ఎడమ చివర తుల్సీరాం నుదురు, కళ్ళు, సగం ముక్కు, దాని కింద ఖాళీ పసుపు రంగు. కుడి చివర చాంది, బొట్టు పెట్టుకుని, ముక్కుపుడకతో, దాని కింద భీమ్లా గుబురు మీసంతో. ఇంకా అవతల, ఎవరిదీ కాని చోట చాంది నోరు ఒక్కటే నవ్వుతోంది.

ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని వచ్చి నవ్వి పోయారు. చాంది భూమిలోకి దిగిపోవాలనుకుంది. అత్త వస్తుందన్న ఆశ పోయింది, కూతురి సన్మానం నవ్వులపాలైంది, పైగా తనకు మీసం వచ్చింది.

తుల్సీరాం ఫ్లెక్సీ ముందుకు వచ్చి నోరు తెరిచాడు. "నా మూతి ఏది?"

ఆటోలోంచి ఒక గొంతు వినిపించింది. "నీ మూతి నా మొఖం మీద ఉన్నది, కనిపిస్తలేదారా?"

నవ్వేవాళ్ళంతా ఆటో వైపు తిరిగారు. ఏడేళ్ళలో భీమ్లా తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. మధ్యలో మేక లేదు. తుల్సీరాం కూడా అది గమనించినట్టు లేదు, గమనించేంత తీరిక లేదు. "నువ్వసలు ఈడ ఎందుకున్నవు?" అని అరిచాడు.

"నన్నడుగుతవేంది? నా మీసం నీ పెండ్లాం మొఖానికెందుకు పెట్టినవ్? మర్యాద ఉన్నదా నీకు?" అంటూ భీమ్లా ఆటో దిగి వచ్చాడు.

తుల్సీరాం టేపు తీశాడు. కోపం వస్తే ఆయనకు అదొక్కటే తెలుసు. నడిమి ముఖానికి ఆనించాడు. "పైన కండ్ల భాగం నీది, ఆరంగుళాలు. కింద మీసం భాగం నాది..." మళ్ళీ కొలిచాడు. "ఆరే."

"సరిగ్గ పట్టు. వంకర పట్టినవ్" అని భీమ్లా టేపు రెండో కొస పట్టుకున్నాడు.

సరిగ్గా పట్టినా ఆరే వచ్చింది. ఇద్దరూ అలాగే టేపు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు వాళ్ళ వెనక కర్ర చప్పుడైంది. కేస్లి ఎవరూ పట్టుకోకుండానే ఆటో దిగి, వీధి మధ్యలోంచి నడిచి వచ్చింది. కొడుకులిద్దరినీ కర్రతో చెరో పక్కకు నెట్టి, ఆపరేషన్ చేయించుకున్న కన్నును నడిమి ఫొటో మీద నిలిపింది.

"గీ ఫొటో ఎన్నడు దిగిండు?" అంది.

"ఎవరే?" అన్నాడు భీమ్లా.

"మీ నాయన."

వాళ్ళ నాయన భద్రు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. జీవితంలో ఒక్క ఫొటో దిగలేదు. రేషను కార్డు ఫొటో తీసేవాళ్ళు వచ్చిన రోజున కూడా అడవిలో ఎడ్ల వెనక ఉన్నాడట. ఆయన ఎలా ఉండేవాడో చూపించడానికి ఆ ఇంట్లో ఒక్క కాయితం ముక్క లేదు. అన్నదమ్ములు తలెత్తి చూశారు. భీమ్లా కళ్ళు, ఆ కళ్ళ కింద తుల్సీరాం మీసం. కేస్లి ఎప్పుడూ చెప్పినట్టు, ఎద్దు కాలితో తన్నినప్పుడు ఆయన ముక్కు మధ్యలో ఎక్కడ విరిగిందో, ఇక్కడ రెండు ముక్కలూ సరిగ్గా అక్కడే, అంతే వంకరగా అతుక్కుని ఉన్నాయి. దాని మీద బొగ్గు దుమ్ము గీతలు రెండు, ఎండలో తిరిగిన మనిషి ముడతల్లా.

"నాయనే" అన్నాడు తుల్సీరాం. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

భీమ్లా టేపు కొస వదిలేశాడు. అది సర్రున వెళ్ళి తుల్సీరాం వేలికి తగిలింది. "నొప్పయిందారా?" అని ఆ వేలు పట్టుకున్నాడు.

కేస్లి మనవరాలి కుర్చీ దగ్గరికి పోయి దీవించింది. ప్రమీల టోపీ తీసి నానమ్మ తలకు పెట్టింది. వీధి ఈ చివరి మేకలు, ఆ చివరి మేకలు ఆ రోజు నుంచి నిరుద్యోగులయ్యాయి.

సోమవారం అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద జెస్సికా దుకాణానికి వచ్చారు. తన్నడానికే వచ్చారనుకుని ఆమె బల్ల వెనక నిలబడింది. విషయం విన్నాక ఇంకా భయపడింది. వాళ్ళు అడిగింది నడిమి ఫొటో ఇంకో కాపీ. ఇంటికొకటి కావాలట.

"అది నా కాడ లేదు బాబాయ్" అంది. "ఫైలు తెరిస్తే మీరిద్దరు వేరువేరుగనే ఉన్నరు. ఆయన కంప్యూటర్‌ల లేడు. మానిటర్ మీద కూడా ఎన్నడు లేడు. ఆ ఫ్లెక్సీ మీదనే ఉన్నడు."

తెర మీద ఆ కళ్ళు, ఈ మీసం కలిపి చూసింది. మూడు రకాలుగా ప్రింటు తీసి ఇచ్చింది. ముక్కు కూడా వంచింది. కేస్లి ఒక్కొక్కటే కంటి దగ్గర పెట్టుకుని, "ఇది భీమ్లా కన్ను, తుల్సీ మీసం. మీ నాయన కాదు" అని మూడింటినీ పక్కన పడేసింది.

ఉన్నది ఒక్కటే కాబట్టి, ఆ ముక్కను కత్తిరించి ఫ్రేము కట్టించారు. పదిహేను రోజులు ఈ చివర, పదిహేను రోజులు ఆ చివర. ఫొటో ఎక్కడుంటే నేనూ అక్కడే అంది కేస్లి. మిగిలిన ఫ్లెక్సీలో ప్రమీల బొమ్మ ఇంట్లో గోడకెక్కింది, మీసమున్న చాంది కోళ్ళగూడు మీద కప్పుగా కుదిరింది. ఆ తర్వాత పిల్లి అటు రాలేదని తుల్సీరాం అంటాడు, చాంది ముందు మాత్రం అనడు.

మొదటి పదిహేను రోజులు అయిపోయి, ఫ్రేమును చెరో పక్కా పట్టుకుని అన్నదమ్ములు ఈ చివరికి తెచ్చినప్పుడు, చాంది వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తను కాపురానికి వచ్చేసరికే మామ పోయాడు. ఆమె ఆయన్ను చూసింది లేదు. ఇప్పుడు పై సగం బావ, మొత్తం మామ. ఏ లెక్కన చూసినా ముసుగు వేయాల్సిందే. కొంగు ముక్కు దాకా లాక్కుని గోడ వైపు తిరిగింది.

కేస్లి కర్ర ఆనించుకుని వచ్చి, ఆ కొంగు పట్టి వెనక్కి లాగింది. "తియ్యే. నువ్వా పొద్దు గోడకు తిరిగినందుకే గదా ఆయన వచ్చిండు. ఇంక చాలు, చూడు."

చాంది మెల్లగా తిరిగి, ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి మామ ముఖం తిన్నగా చూసింది. అత్త చెప్పేది నిజమే, ముక్కు బాగా వంకర.